చెక్కగోడకు అటూ ఇటూ

వీధివైపు గది,
సోమవారం, ఉదయం పదిన్నర

పూజ్యులైన మామయ్యగారికి,

మీ అల్లుడు నమస్కారాలతో రాసుకునే ఉత్తరం.

మన ఇద్దరి గదులకీ మధ్య ఉన్నది ఒక్క చెక్కగోడ. లేచి ఆరడుగులు వేస్తే మీ ఎదుట నిలబడి చెప్పగలిగిన సంగతే ఇది. చెప్పాలని రెండుసార్లు వచ్చాను కూడా. మొదటిసారి "కాఫీ తాగారా మామయ్యగారూ?" అని అడిగి తిరిగొచ్చేశాను. రెండోసారి ఆ ప్రశ్న అయిపోయింది కాబట్టి ఏం అడగాలో తోచక, మీ ఫ్యాను వైపు చూసి "బాగానే తిరుగుతోంది" అన్నాను. మీరూ పైకి చూసి "ఆఁ, తిరుగుతోంది" అన్నారు. అక్కడితో ఆ సంభాషణ ముగిసింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. తప్పుగా అనుకోకండి.

మీరు మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు. వాషింగ్ మిషన్లు అమ్మే కంపెనీలో, అవి పాడైనప్పుడు జనం ఫోన్ చేసి తిట్టే తిట్లు వినే పని. తొమ్మిదింటి నుంచి అయిదింటిదాకా చెవులకి డిప్పలు తగిలించుకుని ఈ గదిలో కూర్చుంటాను. నా మాట వాళ్ళకి ఎంత బాగా వినపడుతుందో, మీ గదిలో మాట కూడా అంతే బాగా వినపడుతోంది. అదీ చిక్కు.

మొన్న ఒకావిడ "బాబూ, నువ్వు బస్సులో ఉన్నావా?" అని అడిగింది. లేదమ్మా, ఆఫీసులోనే ఉన్నానని చెప్పాను. సరిగ్గా ఆ క్షణానే మీరు మీ పాత బస్సు డ్రైవరుగారితో ఫోన్‌లో పాత రోజులు తలుచుకుంటూ "జరగండమ్మా, ముందుకి జరగండి! లోపలంతా ఖాళీయే!" అని కేకేశారు. ఆవిడ నిజంగానే జరిగినట్టుంది, అవతల ఏదో గిన్నె కిందపడి దొర్లిన చప్పుడు వినిపించింది.

ఆవిడ రెండు ఫిర్యాదులు రాసింది. మిషను మీద ఒకటి, నా మీద ఒకటి. మా పై మేడమ్ నన్ను పిలిచి, ఇలాంటిది ఇంకొక్కటి వస్తే ఇంటినుంచి పని ఆపేసి పెద్దాఫీసుకి వచ్చేయాలని చెప్పింది. పెద్దాఫీసంటే ఇక్కణ్ణించి ఒక పగలంతా రైలు. మీ అమ్మాయి పనిచేసే మందుల షాపు ఇక్కడ, నేనక్కడ. పెళ్ళయి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

మీరు మాట్లాడటం మానేయాలని నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. ఆ గోడ కాస్త బుద్ధిగా ఉండేలా మనం ఏమైనా చేయగలమా అని, అంతే.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: దీన్ని మధ్య తలుపు కింద సందులోంచి తోస్తున్నాను. ఆ సందులోంచే మీ పాదాలు కనపడుతున్నాయి. కాబట్టి ఉత్తరం అందలేదని మాత్రం అనకండి.


పెరటివైపు గది,
అదే సోమవారం, పదకొండు

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నేరుగా నా కాలి బొటనవేలికే వచ్చి తగిలింది.

ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసినవాణ్ణి. ముందు ఇంజను, మధ్యలో జనం, వెనక నేను. నా మాట డ్రైవరుకి చేరాలంటే డెబ్భై మందినీ ఒక ఇంజన్నీ దాటి వెళ్ళాలి. అలా సాగిన గొంతు ఇది. రిటైరైన రోజున సంచీ తీసుకున్నారు, ఈల తీసుకున్నారు, గొంతు తీసుకోవడం మరిచిపోయారు.

మీ వైపునుంచి కూడా చప్పుడు తక్కువేం రాదు సుమండీ. ఇది ఫిర్యాదు కాదు, ఉన్నమాట. పొద్దుట్నుంచి సాయంత్రందాకా "క్షమించండి సార్, క్షమించండి మేడమ్" అంటూనే ఉంటారు. ఒకరోజు వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. భోజనం వేళకే తొంభై దాటాయి. నేను నా ఉద్యోగం మొత్తంలో ఒక్కసారి అన్నాను. అదీ ఒక మేకకి. తోక తలుపులో పడింది.

ఇక ఆ పెద్దాఫీసు మాట. మొగుడూ పెళ్ళాల్ని విడదీసిన పాపం నా గొంతుకి వద్దు. గోడ సంగతి నాకు వదిలేయండి. మా డ్రైవరుకి ఇప్పుడే ఫోన్ చేశాను. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే చేశాను, అందుకే వాడికి ప్రతిమాటా మూడేసిసార్లు చెప్పాల్సొచ్చింది. వాడి మేనల్లుడు పాటలు రికార్డు చేసే చోట పనిచేస్తాడట. అక్కడ గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికిస్తారట. అతికించారంటే లోపల ఏనుగు ఘీంకరించినా బయట చీమకి నిద్రాభంగం ఉండదట.

వారం రోజులు గడువివ్వండి. రైట్ రైట్.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: రేడియో సగానికి తగ్గించాను. వార్తలు కూడా సగమే తెలుస్తున్నాయి. వాన పడుతుందన్నారు, ఎక్కడో వినపడలేదు. ఎందుకైనా మంచిది, అమ్మాయికి గొడుగిచ్చి పంపండి.


వీధివైపు గది,
మరుసటి సోమవారం

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

అట్టలు చూశాను. గోడ కనపడటం లేదు. మీ ఓపికకి దండం పెట్టాలి.

అయితే ఖాళీ అట్టలు అడగడానికి మొహమాటపడి, మొదటి అయిదూ మీరు గుడ్లతో సహా తెచ్చారని నిన్ననే తెలిసింది. వారంనుంచీ ఉడికించిన గుడ్డు, వేయించిన గుడ్డు, గిలక్కొట్టిన గుడ్డు ఎందుకు తింటున్నామో ఇప్పుడు అర్థమైంది. "ఇంకొక్క గుడ్డు ఈ ఇంట్లోకొచ్చిందంటే నేను ఇంట్లో పొదుగుతూ కూర్చుంటాను, షాపుకి మీరిద్దరూ వెళ్ళండి" అని మీ అమ్మాయి అంది. ఆ మాట మీకు విడిగా చెప్పనక్కర్లేదు. గోడలోంచి వినే ఉంటారు.

అసలు సంగతి అదే. మీ గదిలో గొంతు గింగురుమనడం తగ్గింది గానీ ఇవతలికి రావడం తగ్గలేదు. ఇదివరకు నూతిలోంచి వచ్చినట్టుండే మాట, ఇప్పుడు ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా, కడిగిన ముత్యంలా వస్తోంది. మొన్న ఒకాయన తన మిషను సంగతి సగంలో ఆపి, "ఉండండుండండి, ఆ ఆటలో గెలిచిందెవరన్నారు?" అని అడిగాడు. మీ రేడియో.

మీరు మేకులు కొట్టిన రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ చప్పుడు తన మిషనులోంచే వస్తోందని ఒకాయన హడలిపోయి, నేను చెప్పేది వినకుండా ప్లగ్గు పీకేశాడు. మంచిదే అయింది. ఆయన మిషనులో చెడిపోయింది ఆ ప్లగ్గే.

అన్నిసార్లూ ఇలా కలిసిరాదు కదా. ఈ గోడ కట్టిన వడ్రంగి మన సందు చివరే ఉంటాడు. ఒకసారి అడిగిచూస్తే?

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: అట్టల్లో ఒక బల్లి కాపురం పెట్టింది. దాని మాట కూడా స్పష్టంగానే వినపడుతోంది.


పెరటివైపు గది,
గురువారం

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

వడ్రంగిని పట్టుకొచ్చాను. రంపం మోతలో బతికిన మనిషి, సగం చెవుడు. "చప్పుడు ఎక్కణ్ణించొస్తోంది?" అన్నాడు. గోడలోంచన్నాను. "ఎక్కణ్ణించి?" అన్నాడు. "గోడలోంచి!" అని బస్టాండు గొంతు తీశాను. అప్పుడు అవతలనుంచి మీరు "క్షమించండి మేడమ్, అది పక్కింట్లో" అనడం వినపడింది. సొంత మామని పక్కింటికి నెట్టారు. పర్వాలేదు, ఉద్యోగధర్మం.

ఆ అట్టలు చూసి వడ్రంగి చాలాసేపు నవ్వాడు. తర్వాత మీ గదిలో లైటు వేసి, నా గదిలో కిటికీలు మూసి చీకటి చేసి, "చూడు పెద్దాయనా, వెలుతురు ఎక్కడెక్కడ కారుతోందో చూడు. గాలి దూరే చోటల్లా మాట దూరుతుంది. బకెట్టు ఎంత లావుదైతే ఏం, బెజ్జముంటే నీళ్ళు నిలుస్తాయా?" అన్నాడు. చూస్తే ఏముంది! తలుపు కింద వెలుతురు, తలుపు మీది వెంటిలేటరులో వెలుతురు, గోడ చివర పగుళ్ళలో వెలుతురు. అన్నిటికన్నా విచిత్రం, మీ స్విచ్చుల పెట్టె, నా స్విచ్చుల పెట్టె ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యన ఏమీ లేదు, ఒట్టి బెజ్జం. ఇన్నాళ్ళూ మీ తొంభై క్షమాపణలూ ఆ బోర్డులోంచే నాకు చేరాయన్నమాట.

ఇవాళ్టికి పగుళ్ళలో లప్పం పూశాం. తలుపు అంచుకి రబ్బరు పట్టీ బిగించాం. వెంటిలేటరులో పాత బొంత కుక్కాం. అమ్మాయి చదువుకున్న లావుపాటి మందుల పుస్తకాలన్నీ బీరువాలో పేర్చి గోడకి నిలబెట్టాం. నా కుర్చీ కాళ్ళకి గుడ్డ చుట్టాను. అది ఇప్పుడు పిల్లిలా నడుస్తోంది. స్విచ్చు పెట్టెల పని మాత్రం కరెంటాయన వచ్చాకే.

మాట పూర్తిగా ఆగలేదు గానీ ముక్కలైంది. నాలుగింట ఒక ముక్క చేరుతోంది.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: మధ్యాహ్నం మీరు ఎవరితోనో "పాతబడిపోయింది", "ఆ మోత ఎన్నాళ్ళని భరిస్తారు", "ఇంట్లో పెట్టుకుని ఏం లాభం" అనడం ముక్కలుముక్కలుగా చెవిన పడింది. నా గురించా? నేనిక్కడ ఉండటం బరువనిపిస్తే దాచకండి. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను.


వీధివైపు గది,
శుక్రవారం

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

అద్భుతం! ఇవాళ పొద్దుట్నుంచి ఒక్కరు కూడా బస్సు గురించి అడగలేదు. వడ్రంగికి నా తరఫున ధన్యవాదాలు చెప్పండి, గట్టిగా చెప్పండి.

కొత్త రబ్బరు పట్టీ ఎంత బిగువుగా ఉందంటే, మీ ఉత్తరం లాగుతుంటే చివరి నాలుగు వరుసలు దానికి చిక్కుకుని చిరిగి పీలికలైపోయాయి. తా.క. అన్న అక్షరాలు కనపడ్డాయి, తర్వాతిది చదవడానికి వీల్లేకపోయింది. మీరేం రాసినా నా మంచికోరే రాస్తారు కాబట్టి, అదేమైనా సరే, దానికి నా పూర్తి సమ్మతి. ఎంత త్వరగా జరిగితే అంత మంచిది.

పని తొందరలో ఉన్నాను. ఉంటాను.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: మీ అమ్మాయికి కూడా ఇష్టమే అనుకుంటాను.


పెరటివైపు గది,
సోమవారం, పన్నెండు గంటలు

అల్లుడుగారికి,

మీ సమ్మతి అందింది. అమ్మాయి ఇష్టం కూడా తెలిసింది. సంతోషం.

శనివారం ఆలోచనలో గడిచింది, నిన్న ఆదివారం అమ్మాయి ఇంట్లో ఉందని నోరు మెదపలేదు. మీరు చిరిగిపోయిందన్నారు, నేను నమ్మదలుచుకున్నాను. కానీ ఇవాళ పొద్దున మీ గదిలోంచి వచ్చిన ముక్కల్ని కూడా నమ్మకుండా ఎలా ఉండను? విన్నవి విన్నట్టు రాస్తున్నాను.

"ఎన్నేళ్ళయింది?... అబ్బో! ఇక బాగు చేయించడం దండగండీ." నా కీళ్ళనొప్పుల మందు ఈ నెల అమ్మాయి చవకదానికి ఎందుకు మార్చిందో అర్థమైంది. "పొట్టలో నీళ్ళు నిలిచిపోతున్నాయా?" కాళ్ళవాపు సంగతి కూడా మీదాకా వచ్చిందన్నమాట. "వణుకుతోందా? గదిలోంచి నడుచుకుంటూ బయటికి వచ్చేస్తోందా?" ఈ వయసులో గదిలోంచి నడుచుకుంటూ బయటికి రావడం కూడా తప్పేనా? "రేపు మంగళవారం మావాళ్ళు ఇద్దరొచ్చి మోసుకుపోతారు. పాత దుప్పటేదైనా చుట్టి ఉంచండి చాలు."

ఇదంతా ఓర్చుకుంటాను. కానీ 'అది' ఏమిటి అల్లుడుగారూ? "అది ఇంక పనికిరాదు", "అదెందుకు ఇంట్లో?" 'ఆయన' అనలేకపోయినా కనీసం 'ముసలాడు' అనొచ్చు కదా. 'ముసలాడు' అంటే తిట్టే కానీ మనుషుల్లో లెక్క.

దుప్పటి అక్కర్లేదు. ఆ ఇద్దరూ రానక్కర్లేదు. పెట్టె సర్దుకున్నాను. సాయంత్రం అమ్మాయి వచ్చాక చెప్పి, మా డ్రైవరు ఇంటికి వెళ్ళిపోతాను. నేను టిక్కెట్టు లేనివాణ్ణి దింపేటప్పుడు కూడా బస్సు పూర్తిగా ఆపించాకే దింపాను. ఆ మాటొక్కటీ మీకు చెప్పాలనిపించింది.

ఉంటాను. ఉండనని తెలిసి కూడా అలవాటుగా రాసేశాను.

మీ మామయ్య

తా.క.: మధ్యాహ్నం మీకు అన్నం మూత పెట్టి ఉంచాను. నేను తినను. ఆకలి లేదు, అలక కాదు.


వీధివైపు గది,
సోమవారం, ఒంటిగంట దాటింది

మామయ్యగారూ,

వాషింగ్ మిషను! వాషింగ్ మిషను! వాషింగ్ మిషను!

పొట్టలో నీళ్ళు నిలిచింది దానికి. వణికేది అది. గదిలోంచి నడిచొచ్చేది కూడా అదే. కాళ్ళు సమంగా లేకపోతే అవి తిరిగేటప్పుడు జరుగుతాయి. పద్దెనిమిదేళ్ళ మిషను, ఎవరో పెద్దావిడది. బాగు చేసినా లాభం లేదు, పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోమన్నాను. రేపు మా కంపెనీ వాళ్ళు ఇద్దరు వెళ్ళి దాన్ని మోసుకొస్తారు. గీతలు పడకుండా దుప్పటి చుట్టమన్నాను. అందుకే 'అది' అన్నాను. వాషింగ్ మిషన్ని 'ఆయన' అంటే నా ఉద్యోగం ఉంటుందా?

ఇరవై నిమిషాలుగా తలుపు బాదుతున్నాను. మీరు పలకడం లేదు. మనం పెట్టిన పట్టీలన్నీ ఇవాళే పనిచేయాలా, నా ఖర్మ కాకపోతే! తలుపు కింద తోస్తే కాగితం మళ్ళీ చిరిగిపోతుంది. అందుకని స్టూలెక్కి, చీపురుకర్రతో వెంటిలేటరులో బొంత పొడిచి, అందులోంచి పడేస్తున్నాను. తగిలితే క్షమించండి. ఇవాళ్టికి ఇది నూరోది. ఇదొక్కటే మనసులోంచి వచ్చింది.

మామయ్యగారూ, ఒక మాట రాస్తాను. ఎదుటపడితే చెప్పలేను. రోజూ నలభైమంది నన్ను తిడతారు. నా పేరు కూడా తెలియదు వాళ్ళకి. ఒంటిగంటకి ఈ డిప్పలు తీసి తలుపు తీస్తే, రెండు కంచాలు పెట్టుకుని, తినకుండా, నా కోసం చూస్తూ మీరుంటారు. "ఇవాళ గట్టివాళ్ళు తగిలారా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న కోసం పొద్దుట్నుంచి కూర్చుంటాను. మా నాన్న నా చిన్నప్పుడే పోయారని మీకు తెలుసు. ఇంట్లో పెద్దాయన ఉంటే ఎలా ఉంటుందో నాకీ ఎనిమిది నెలల్లోనే తెలిసింది.

గడియ తీయండి. కూర చల్లారిపోతోంది.

అల్లుడు

తా.క.: బొంతలో చీపురుకర్ర ఇరుక్కుపోయింది. మీ వైపునుంచి కాస్త నెట్టండి.


పెరటివైపు గది,
మంగళవారం

చిరంజీవి అల్లుడుగారికి వెయ్యి ఆశీస్సులు.

నిన్న ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. మీరు పప్పు బాగుందన్నారు, నేను ఉప్పు సరిపోయిందన్నాను. ఇద్దరం చెరోసారి పప్పు వడ్డించుకున్నాం. అందుకే ఇది రాయాల్సొచ్చింది.

బుద్ధి గడ్డి తింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. పెట్టె విప్పేశాను. మీరు రాసిన కాగితం మాత్రం అందులోనే ఉంచాను, చొక్కాల కింద.

సాయంత్రం అమ్మాయికి చెబితే ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత ఇద్దర్నీ కలిపి తిట్టింది. "ఇద్దరికీ నోళ్ళున్నాయి, మొత్తం నాలుగు చెవులున్నాయి. మధ్యలో ఈ కాగితాలేమిటి నాన్నా?" అంది. సమాధానం మీ దగ్గరుంటే రాసి పంపండి.

నాకు ఒకటి అర్థమైంది. పూర్తిగా వినపడినన్నాళ్ళూ మనకి గొడవ లేదు. అసలు వినపడకపోయినా గొడవుండదు. సగం వినడమే కొంపలు ముంచేది. అందుకని వడ్రంగిని మళ్ళీ పిలిచాను. ఈ గోడకి తగలకుండా నాలుగువేళ్ళ ఎడం వదిలి ఇంకో గోడ కడతాడు. మధ్యలో పాత పరుపుల దూది నింపుతాడు. స్విచ్చు పెట్టెల్ని కరెంటాయన చెరో మూలకీ మారుస్తాడు. తలుపు కూడా బరువైనది వేస్తారు. అట్టలన్నీ పీకేశాను. బల్లికి వేరే ఇల్లు చూసుకోమని చెప్పాను.

ఇక ఉత్తరాలు భోజనాల బల్ల మీద ఉప్పుడబ్బా కింద పెట్టుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఆ పద్దెనిమిదేళ్ళ మిషన్ని ఇవాళ మోసుకొచ్చేశారా? ఎందుకో పొద్దుట్నుంచి దాని మీద జాలేస్తోంది.


వీధివైపు గది,
గోడ పూర్తయిన ఆరో వారం

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం బరువైన మనసుతో రాస్తున్నాను.

గోడ గొప్పగా పనిచేస్తోంది. మీరు ఉన్నట్టే తెలియడం లేదు. ఫిర్యాదులు ఆగిపోయాయి. పై మేడమ్ మెచ్చుకుంది కూడా. ఆవిడ ఈమధ్య వీడియోలో నన్ను చూస్తే చాలు కారణం లేకుండా నవ్వు ఆపుకుంటోంది, అది వేరే సంగతి. పెద్దాఫీసు గండం గడిచింది. ఇంత మంచి జరిగాక నేను సంతోషంగా ఉండాలి. లేను.

నిన్న ఫోన్ల మధ్య కాస్త ఖాళీ దొరికితే పెరట్లోకి వెళ్ళాను. మీ కిటికీలోంచి చూశాను. చాటుగా చూడటం తప్పే. ఈ ఎండల్లో మీరు తలకి, చెవులకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని, గోడకేసి చూస్తూ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. గదిలో ఎవరూ లేరు. మీ పెదవులు కదులుతున్నాయి. ఒకసారి చెయ్యి ఊపారు. ఒకసారి దండం పెట్టారు. ఒకసారి నవ్వి, మీలో మీరే తలూపారు. ఇవాళ కూడా వెళ్ళి చూశాను. అదే వేళ, అదే మఫ్లరు.

మీ అమ్మాయికి చెప్పాను. "నాన్నకి మాట్లాడేవాళ్ళు లేక ఇలా అయ్యాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజమే మామయ్యగారూ. ఇదివరకు మీరు పొద్దస్తమానం డ్రైవరుగారితో కబుర్లు చెప్పేవారు, రేడియోకి జవాబిచ్చేవారు, నా క్షమాపణలు లెక్కపెట్టేవారు. నా ఉద్యోగం కోసం మిమ్మల్ని దూది మధ్య మూసిపెట్టాను. పోతే పోయింది ఉద్యోగం. రేపు ఆదివారం వడ్రంగిని పిలిచి రెండో గోడ ఊడదీయిస్తున్నాను. పైవారం డాక్టరు దగ్గరకి కూడా వెళ్దాం. ఊరికే, చూపించుకోవడానికి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: మీరు మళ్ళీ "జరగండమ్మా, ముందుకి జరగండి" అని అరిస్తే వినాలని ఉంది. ఎవరేమనుకున్నా సరే.


పెరటివైపు గది,
శనివారం, మధ్యాహ్నం రెండు

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

గోడ మీద చెయ్యి వేశారో, చూడండి! ఒక్క మేకు కూడా ఊడటానికి వీల్లేదు. వడ్రంగిని రావద్దని చెప్పేశాను. ఈసారి ఒక్క అరుపుకే వినపడింది ఆయనకి.

నాకు మతి పోలేదు. మీకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఆరు వారాలుగా కడుపులో దాచుకున్నాను. ఇవాళ్టితో దాచే అవసరం తీరింది.

ఆ సోమవారం మీరు ఇరవై నిమిషాలు తలుపు బాదారు, నాకు వినపడలేదని రాశారు. వినపడింది. నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఫోన్‌లో ఉన్నాను. మన వాషింగ్ మిషను మీద మీ కంపెనీ నంబరు అంటించి ఉంటుంది కదా, కోపం పట్టలేక దానికి కొట్టి, "మీ పెద్దవాళ్ళని పిలవండి" అని పట్టుబట్టాను. మీ పై మేడమ్ వచ్చింది. "అమ్మా, మీ దగ్గర పనిచేసే మా అల్లుడు నన్ను దుప్పటి చుట్టి మోసుకుపొమ్మని మనుషుల్ని పిలిపించాడు, ఇదేం కంపెనీ?" అన్నాను. అవతల వెక్కినట్టు చప్పుడైంది. బాధపడుతోందనుకున్నాను. ఫోను దూరం పెట్టి నవ్విందట.

తర్వాత ఆవిడే ఆ పొద్దున మీరు మాట్లాడిన ఫోను రికార్డు తీసి విని, నాకు అంతా విడమరిచి చెప్పింది. మీ ఉత్తరం నా నెత్తిన పడేసరికే నాకు సగం సంగతి తెలుసు. మిగతా సగం, ఆ ఒంటిగంట కంచాల సంగతి, మీ ఉత్తరమే చెప్పింది. అప్పుడు తలుపు తీశాను.

ఫోను పెట్టేముందు ఆవిడ "ఎనిమిది నెలలు గోడపక్కన విన్నారు కదా, మిషను వణుకుతోందంటే మేం ముందు ఏం అడగాలి చెప్పండి?" అని ఆటపట్టించింది. "నేల సమంగా ఉందా? నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయా? బట్టలన్నీ ఒకే పక్కకి చేరాయా?" అన్నాను. ఇంకో నాలుగు అడిగింది. అన్నీ చెప్పాను. మీ నోటివెంట వెయ్యిసార్లు విన్నవే. మర్నాడు ఆవిడే ఫోన్ చేసి, మాతో చేరతారా అంది. కూతుర్ని అడిగి చెబుతానన్నాను గానీ అడగలేదు. పరీక్షగా నెల్లాళ్ళు చేసి చూడమంది, నెగ్గకపోతే ఇంట్లో పరువేం కావాలి?

పదినుంచి ఒంటిగంట దాకా నా డ్యూటీ. మఫ్లరు కింద ఉన్నవి డిప్పలు, మీలాంటివే. మామూలు ఫోన్లు నాకు రావు. గొంతు చించుకుని అరిచేవాళ్ళనే నా వైపు తిప్పుతారు. బస్సు నిండా అరిచేవాళ్ళని ముప్పై ఒక్క ఏళ్ళు మోసినవాణ్ణి, ఫోనుకి ఒక్కడంటే నాకు సెలవురోజులా ఉంది. వాళ్ళ అరుపులు అయ్యేదాకా ఆగి, "అయిందాండీ? ఇక మిషను దగ్గరకి పోదామా?" అంటాను. పోతారు.

ఇవాళ పన్నెండుకి మేడమ్ ఫోన్ చేసి నన్ను తీసుకున్నట్టు చెప్పింది. కాబట్టి రేపు గోడ ఊడదీసే కార్యక్రమం లేదు. పైపెచ్చు, పదింటినుంచి ఒంటిగంటదాకా మీరు పెరట్లో ఆ చెప్పులు ఈడ్చుకుంటూ తిరగడం తగ్గించాలని మనవి. నిన్న ఒకాయన "ఎవరో నడుస్తున్నారే" అన్నాడు.

అమ్మాయికి సాయంత్రం ఇద్దరం కలిసి చెబుదాం. ఈసారి నోటితోనే.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: మొన్న బుధవారం మీ మీద అరిచి ఫోను పెట్టేసిన పెద్దమనిషి, పది నిమిషాల్లో నా దగ్గర తేలాడు. అరుపు మొదలెట్టబోయి ఆగి, "ఇందాక ఒకబ్బాయి మాట్లాడాడండీ, నేను నోటికొచ్చినట్టు అన్నా ఎంత మర్యాదగా చెప్పాడో! ఏ తల్లి కన్న బిడ్డో, తొందరపడ్డాను" అన్నాడు. మా అల్లుడేనండీ అని నోటిదాకా వచ్చింది. ఇంటి సంగతులు చెప్పకూడదని ఆఫీసు నియమం. ఆ ఒక్క మాట ఆపుకోవడానికి గ్లాసుడు నీళ్ళు తాగాల్సొచ్చింది.